పిన్ని పేరున మొదటి చీటీ

కంటి ఆసుపత్రి తలుపులు తెరవకముందే చీటీలమ్మ వచ్చేది. కౌంటరు మీది తెరలో తన పిన్ని పేరున 'పిన్ని' అనే కొట్టి ఆ రోజు మొదటి చీటీ తీసేది. "రండి పిన్నిగారూ, మీ వంతు ఒకటి" అని కాగితం బయటికి రాగానే కళ్లు మూసుకుని, "దేవుడా, ఇవాళ వచ్చేవాళ్ల కళ్లు చల్లగా ఉండాలి" అనుకునేది. తల్లిలేని తనను పెంచిన పిన్నికి చూపు తిరిగొచ్చింది ఇక్కడే మరి. తర్వాత ఆ చీటీ రద్దు చేసి పనిలో పడేది.

రిజిస్టరు రాసే ఉద్యోగంలో చేరి, చీటీలిచ్చే ఆ కంప్యూటర్ పేజీని తనే నేర్చుకుని తయారుచేసింది. అంతకుముందు చీటీల కోసం తోపులాట. చూపు ఆననివాళ్లే వెనకబడేవారు. ఆ పేజీ పనిచేస్తుందో లేదో చూడ్డానికి పెద్ద నర్సు నెల గడువిచ్చింది. "ఒక్క రోజు గందరగోళమైనా మళ్లీ పాత పద్ధతే" అంది.

రేపటితో గడువు తీరుతుందనగా, ముసలి కళ్లకు ఆనేలా అక్షరాలు పెద్దవి చేయబోయింది. పేరూ వంతూ వచ్చేచోట, రెండు గుర్తుల మధ్య చిన్న కోడ్ ఉంటుంది. సర్వర్ దాన్ని చదివి, ఎదుట నిలబడ్డ మనిషి పేరూ వంతూ అక్కడ నింపి పంపుతుంది. అక్షరాల కొలత చూసుకోవడానికి ఆమె ఆ కోడ్ తీసేసి "పిన్ని", "ఒకటి" అని ఉత్త మాటలు పెట్టింది. తిరిగి మార్చడం మరిచింది. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే పిన్ని పేరు కొట్టింది. పిన్ని పేరే వచ్చింది. ఇంకేం, అంతా బాగుందనుకుంది.

అరగంటలో గది గొల్లుమంది.

"ఇంత మీసం పెట్టుకుని వస్తే పిన్నిగారూ అంటావేంటమ్మా!" అన్నాడు బస్సు డ్రైవరు.

"ఒకటో వంతు నాది!"

"నాదీ ఒకటేనండీ!"

ఆ గోలకి పెద్ద నర్సు వచ్చింది. చీటీలమ్మ ఒక చీటీ తీసుకుని చూసి, తన పొరపాటు గుర్తుపట్టింది. "తప్పు నాదేనండీ. పది నిమిషాలివ్వండి."

"ఈలోగా ఎవరు ముందో ఎవరికి తెలుసు?" అంది పెద్ద నర్సు.

"నాకు తెలుసు," అన్నాడు మూలనున్న ముసలి దర్జీ. "చూపు లేకపోతేనేం, చెవులున్నాయిగా. దగ్గే ఆయన ముందు. చెప్పులు టకటకలాడించే అమ్మాయి తర్వాత. ఆ వెనక నేను. మీసాల పిన్ని నా తర్వాతే!"

అందరికంటే గట్టిగా డ్రైవరే నవ్వాడు. ఎవరికి వారే వరుసలో సర్దుకున్నారు. చెప్పుల అమ్మాయి తన వంతు కర్ర ఊతంతో నిలబడ్డ ముసలామెకిచ్చి వెనక్కి వెళ్లింది.

చీటీలమ్మ కోడ్ తిరిగి పెట్టింది. ఈసారి ఎవరి పేరు వాళ్లకు, ఎవరి వంతు వాళ్లకు వచ్చింది.

పెద్ద నర్సు ఒక పిన్ని చీటీ మడిచి జేబులో వేసుకుంది. "ఇంత తప్పు జరిగినా ఒక్కరూ తోసుకోలేదు. నెలలో వీళ్లకు వరుస అలవాటు చేశావు. నీ పేజీ ఉండనీ, పిన్నీ!"

చీటీలమ్మ కళ్లు తుడుచుకుని తిన్నగా దర్జీ దగ్గరికెళ్లి కూర్చుంది.

"తాతగారూ, రోజూ ఒకే పేరు కొట్టి మోసపోయాను. రేపటినుంచి పిన్ని తర్వాత రెండో చీటీ మీ పేరున తీసి చూసుకుంటాను. మీ పేరు కాస్త వాడుకోనివ్వరూ?"