చెరువు రోడ్డు దాటిన మధ్యాహ్నం

తీరం దాటిన తుఫాను బలహీనపడి హైదరాబాదు వైపు వస్తోందని టీవీలో చెప్పారు. బలహీనపడిందన్న ఆ తుఫాను వానకే రెండు రోజులుగా తెరిపి లేదు. నాకప్పుడు నెలలు నిండాయి. నల్లగండ్లలో చెరువు పక్క అపార్ట్‌మెంటు, ఐదో అంతస్తు. సెల్లారులోకి నీళ్లు వస్తున్నాయని, సాయంత్రం కరెంటు ఆపేస్తారని ఆ మధ్యాహ్నం వాచ్‌మన్ చెప్పి వెళ్లాడు. కరెంటు పోతే లిఫ్ట్ ఉండదు.

"ఇప్పుడే మీ అక్క వాళ్లింటికి వెళ్లిపోదాం," అన్నారు మా ఆయన. అక్క చందానగర్‌లో ఉంటుంది.

ఎదురింటి పెద్దమ్మ ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "ఇంత వానల ఏడికి తీస్కపోతవ్ బిడ్డా? నడుమ కారు ఆగిపోతే ఏం జేస్తవ్? నొప్పులొస్తే కుర్చీల కూసోబెట్టి నలుగురం దించుతం. జర ఆగుండ్రి."

ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. నేను బాల్కనీలోకి వెళ్లాను. చెరువుకు గట్టు లేదు. సాయంత్రాలు మేం కూర్చునే బెంచీలు లేవు. నీళ్లే.

"వెళ్తాం పెద్దమ్మా. మీరూ రండి."

"నేనేడికొస్త? మెల్లగ నడుపమను," అంటూనే నా చెయ్యి పట్టుకుని కారు దాకా దింపింది.

మలుపు తిరగగానే ఆగిపోయాం. పొర్లుతున్న నీళ్లలో చెరువు మీది గుర్రపుడెక్క మొత్తం ఒకే తివాచీలా రోడ్డు దాటుతోంది. పచ్చటి చేను లేచి నడిచిపోతున్నట్టుంది. దాని ఊదాపూల మధ్య కొంగలు కదలకుండా నిలబడే ఉన్నాయి. దూరంగా గాజు మేడలు సగం మబ్బులో మునిగాయి. బైకుల వాళ్లు దిగి తడుస్తూ చూస్తున్నారు. ఒక్క హారన్ మోగలేదు.

"ఏందిరా నాయనా గిది!" అన్నాడు పక్క ఆటోలోని ఆయన, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

పొట్ట మీద చెయ్యి వేసుకుని చూస్తూ ఉండిపోయాను. పొద్దుటి నుంచి పట్టుకున్న భయం ఆ కాసేపు ఏమైందో తెలియదు. అంత పెద్దది, అంత నిశ్శబ్దంగా, మమ్మల్ని పట్టించుకోకుండా పోతోంది.

అది రోడ్డు అవతలి ఖాళీ స్థలంలోకి మళ్లాక ఒకరి వెనక ఒకరం నెమ్మదిగా దాటాం. చీకటి పడకముందే అక్క ఇల్లు చేరాం. మర్నాడు అక్కడి ఆసుపత్రిలో పాప పుట్టింది.

నీళ్లు తీశాక పెద్దమ్మ చూడటానికి వచ్చింది. పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని, "లిఫ్ట్ ఇంక బాగు కాలే. ఎక్కి దిగి నా మోకాళ్లు పోయినయే," అంది దానితో.