పిడికెడు బియ్యం డబ్బా

నిన్న పంజాగుట్టలో పాత సామాన్ల బండి మీద డాల్డా డబ్బా కనిపించింది. మూత తీయగానే ముక్కిన బియ్యం వాసన వచ్చినట్టనిపించింది.

గుర్తుందా, అమ్మలు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి ఇలాంటి డబ్బాలో వేసేవాళ్లు? ఆదివారం చర్చిలో ఆ బియ్యం అమ్మి, లేనివాళ్ల పిల్లలకు ఫీజులు కట్టేవారు.

నా పక్కన కూర్చునే సునీతకూ అలాగే కట్టారు. ఆరో తరగతిలో ఓ రోజు పెన్సిల్ కోసం కొట్లాడుతూ, “మా బియ్యంతోనే సదువుతున్నవ్, యాద్ పెట్టుకో!” అనేశాను. పెన్సిల్ మెల్లగా నా చేతిలో పెట్టింది. మర్నాటి నుంచి బడికి రాలేదు.

మా అమ్మ వాళ్లింటికి వెళ్లి బతిమాలితే, “వద్దాంటీ, నేను సదువుకోను” అందట. ఎందుకని అడిగినా నా పేరు చెప్పలేదు.

ఇప్పుడు మా చర్చిలో ఏటా ఒక పిల్ల ఫీజు నేనే కడతాను. ఎవరి పిల్లో చెప్పబోతే వద్దంటాను. నా నోరు నాకు తెలుసు.