నాపబండల గూట్లో ఇన్వర్టర్

నలభై ఏళ్ళ వ్యవసాయంలో నాకు కల్తీ విత్తనాలు అంటగట్టినవాళ్ళను కూడా నేను ఈ ఇన్వర్టర్ కంపెనీవాళ్ళను తిట్టినంతగా తిట్టలేదు. ఆ తిట్లలో చాలావాటిని ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కొన్ని మాత్రం తీసుకోవాల్సి వచ్చింది.

కారంపూడిలో మా మేడ మీద సోలార్ పలకలు పెట్టించేముందు మా ఇంటావిడ నాతో ఒక ఒప్పందం చేసుకుంది. మేడ ఆమెది. మిరపకాయలు, వడియాలు, వేసవిలో మాగాయ ముక్కలు అన్నీ అక్కడే ఎండేవి. పలకలు వస్తే ఆమెకు మిగిలేది నీళ్ళ ట్యాంకు నీడ ఒక్కటే.

"నా ఎండంతా నువ్వు తీసుకుంటన్నావు. నాకేం ఇస్తావు?" అంది.

"ఎండాకాలం మధ్యాహ్నం ఊళ్ళో కరెంటు పోయినా నీ కూలర్ ఆగదు. నాది పూచీ."

"ఆగితే?"

"ఆగితే పలకలు దింపించేస్తా."

"మాగాయ పెట్టేదాకా చూస్తా. అప్పటికీ ఆగుతుంటే నా మేడ నాకియ్యాల."

ఒప్పుకున్నాను. పలకలు మేడెక్కాయి. ఇన్వర్టర్‌ను పడమటి వరండాలో గోడకు బిగించారు. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, కూలర్ అన్నిటికీ కరెంటు దాని గుండానే రావాలి.

బిగించినవాళ్ళు వెళ్ళిన మర్నాడే నేను పని మొదలుపెట్టాను. పూర్వం మా బావి దగ్గర మోటారు స్టార్టర్ డబ్బాలోకి ఒక బల్లి దూరి, తాను కాలి, మోటారునూ కాల్చింది. పత్తి పూత మీద ఉంది. మోటారుకు తీగ చుట్టించి తెచ్చేలోపు పూతంతా రాలిపోయింది. ఆ బల్లి ఏ వైపు తల పెట్టి చచ్చిందో కూడా నాకు గుర్తే. అలాంటి నేను ఇంత ఖరీదైన యంత్రాన్ని బల్లులు తిరిగే గోడ మీద దిసమొలతో వదిలేస్తానా?

మా వైపు నాపరాయికి కొదవ లేదు. అరుగుకు, అలమరకు, పశువుల తొట్టికి, పొలం కంచెకు అన్నిటికీ అదే. నాలుగు బండలు తెప్పించాను. కింద ఒకటి, చెరో పక్కన ఒకటి, పైన ఒకటి పెట్టి, సందుల్లో సిమెంటు పూసి, ముందు రేకు తలుపు పెట్టాను. చీమ దూరదు. యంత్రంతో వచ్చిన పుస్తకం కూడా చదివాకే కట్టాను. ఇంగ్లీషు నేను పురుగుమందు డబ్బాల మీద చదువుకుని నేర్చుకున్నవాణ్ణి, అర్థం కాని మాటకు డిక్షనరీ చూస్తాను. అన్ని వైపులా జానెడు ఖాళీ వదలమని అందులో బొమ్మ వేసి మరీ చెప్పారు. జానెడున్నర వదిలాను. ఆ ఖాళీ చుట్టూ బండలు పెట్టకూడదని ఏ పేజీలోనూ లేదు. కావాలంటే ఇప్పుడైనా చూపిస్తాను.

చలికాలమంతా యంత్రం బుద్ధిగా నడిచింది. ఎండలు ముదిరాక మొదలైంది దాని వేషం. మిట్టమధ్యాహ్నం కీచుమని అరిచి, ఎర్రదీపం వెలిగించి, ఇల్లంతా ఆర్పేసేది. ఊరందరికీ కరెంటు ఉంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. రెండూ ఉండి మా ఇంట్లో మాత్రం ఫ్యాను తిరగదు! సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ దానంతటదే వచ్చేది.

ఫోన్ చేస్తే ఒక ఆడపిల్ల ఎత్తేది.

"సార్, ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేశారా?"

"అదే ఆగుతోందమ్మా. మళ్ళీ నేను ఆపేదేంది?"

"ఒక ఫోటో పంపండి సార్."

పంపాను. పొద్దున్నే చల్లపూట రేకు తలుపు తీసి, దాని తెర ఒక్కటే కనిపించేలా దగ్గరగా తీశాను. మధ్యాహ్నం ఆ వరండాలో నిలబడటం నా వల్ల కాదు, అంత సెగ.

"ఫోటోలో మీ మెషీన్ బాగుంది సార్," అంది ఆ పిల్ల.

ఇక లాభం లేదని నోటుబుక్ పెట్టాను. ఏ రోజు ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి లేచింది, అన్నీ రాశాను. ఎండ ఎక్కువైన రోజున తొందరగా ఆగుతోందని తేలింది. అంటే పలకలు ఎక్కువ, యంత్రం చిన్నది, ఎండ దానికి అరగడం లేదు, కంపెనీవాళ్ళు మోసం చేశారు. ఇదీ నేను తేల్చింది.

పక్కింట్లో ఉండే రిటైరైన టీచరమ్మ నా మాట నమ్మలేదు. ఆమె కూడా నాతోపాటే, అదే కంపెనీది, అదే సైజుది పెట్టించుకుంది.

"నాది ఒక్కరోజు కూడా ఆగలేదే అన్నయ్యా!"

"మీకు ఇంగ్లీషు వచ్చుగదా టీచరమ్మా, భయపడి మంచిది ఇచ్చుంటారు."

"నేను మాట్లాడింది తెలుగే. పైగా నేను చెప్పింది సోషలు."

అంతలో మామిడికాయలు వచ్చాయి. మా ఇంటావిడ బజారు నుంచి బుట్టెడు కాయలు తెచ్చి నా ముందే దించింది.

"ముక్కలు కోసి ఉప్పులో వేస్తన్నా. ఎల్లుండికల్లా ఎండలో పడాల. పలకలు దింపే మనుషుల్ని మాట్లాడుకో," అంది.

పలకలు దిగితే ఊళ్ళో తలెత్తుకోలేను. ఆ కోపమంతా ఫోనులో ఆ పిల్ల మీద చూపించాను. "మీరు మాకు ఎండను అమ్మి, మీరేమో ఏసీ నీడలో కూర్చుంటారు. నీకు జీతం ఇచ్చేది ఫోటోలు చూడటానికా?" అన్నాను. ఆ పిల్ల మెల్లగా, "మనిషిని పంపిస్తాను సార్," అంది.

మూడో రోజు మధ్యాహ్నం నరసరావుపేట నుంచి మెకానిక్ వచ్చాడు. యాభై ఏళ్ళ సాయిబు. ఇదివరకు మోటార్లకు తీగలు చుట్టేవాడట. ఆ మాట వినగానే నాకు సగం ధైర్యం వచ్చింది. వరండాలోకి వచ్చి అటూ ఇటూ చూశాడు.

"ఇన్వర్టర్ ఏది బాబాయ్?"

"అదిగో, ఆ గూట్లో."

"ఎవరు కట్టారు దీన్ని?"

"నేనే," అన్నాను గొప్పగా.

పై బండ మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఆ బండ మీద ఒక పళ్ళెంలో మిరపకాయలు ఉన్నాయి. ఒకటి తీసి విరిచాడు. పటుక్కుమంది.

"ఇవి మేడ మీద ఎండినయ్యా పిన్నీ?"

"మేడ ఎక్కడిది నాయనా, మా ఆయన లాక్కున్నాడుగా. ఈ బండ మీదే. చానా బాగా ఎండుతన్నయ్. మొన్న వడియాలు కూడా పెట్టా," అంది మా ఇంటావిడ.

అతను గోడకు ఆనుకుని నవ్వాడు. "బండ కింద పొయ్యి ఉంది పిన్నీ. బాబాయే ముట్టించాడు!"

నేను ఆమె వైపు తిరిగాను. "ఏమే, బండ ఇట్లా కాలతందని ముందే చెప్పొచ్చుగా?"

"అడిగావా? నువ్వు పుస్తకం చదవతన్నావు, నేను మిరపకాయలు ఎండబెడతన్నా."

పుస్తకం తెచ్చి జానెడు ఖాళీ బొమ్మ అతని ముందు పెట్టాను. చూశాడు.

"వదిలావు బాబాయ్, కాదన్లా. అందులోకి గాలి ఎటు నుంచి రావాల? లోపల దానికో చిన్న ఫ్యాను ఉంది. అది వదిలిన వేడిగాలినే మళ్ళా పీల్చుకుంటంది. కాలి చచ్చేకంటే ఆగటం మేలని ఆగతంది. మంచి మిషను కాబట్టి బతికుంది."

అయినా, గాలి సంగతి ఆ బొమ్మలో రెండు బాణాలు వేసి ఊరుకున్నారే గాని, నాలుగు ముక్కలు రాస్తే వాళ్ళ సిరా అయిపోతుందా?

సుత్తి నేనే తెచ్చాను. కట్టడానికి రెండు రోజులు పట్టిన గూడు అరగంటలో ఊడింది. బల్లులు దూరేది కింద వైర్లు వెళ్ళే రంధ్రంలో అని చూపించి, దానికి బిరడా బిగించి అతను వెళ్ళిపోయాడు. కాసేపటికి ఎర్రదీపం పోయి పచ్చది వెలిగింది. మా ఇంటావిడ కూలర్ ముందు కుర్చీ వేసుకుని, ఒళ్ళో మామిడి ముక్కల గిన్నె పెట్టుకుని కూర్చుంది. నేను నోటుబుక్ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. మధ్యలో ఊళ్ళో కరెంటు కూడా పోయింది. కూలర్ తిరుగుతూనే ఉంది. నాలుగయింది. ఆగలేదు.

"సరే, ఉండనీ నీ పలకలు," అని ఆమె లేచింది. "ఆ బండలు పెరట్లో ఎండకు వేయించు, ముక్కలు వాటి మీద పోసుకుంటా. ఇంకోటి. ఆ పిల్లకి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పు. అది చెప్పకపోతే నా మేడ నాకియ్యాల."

బండలు వేయించి ఫోన్ పట్టుకున్నాను. అదే గొంతు.

"మీ సమస్య ఏంటి సార్?"

"సమస్య లేదమ్మా. మిషను బాగుంది. తప్పు నాది. నిన్ను అనరాని మాటలన్నాను."

అటువైపు నవ్వు వినిపించింది. "పర్లేదు సార్. కానీ సమస్య లేదని రాసుకోడానికి ఇక్కడ వీల్లేదు. ఏదో ఒక కంప్లయింటు చెప్పాలి."

"బాగుందని చెబితే రాసుకోడానికి చోటు లేదా? ఏం కంపెనీ అమ్మా మీది! అదే రాసుకో, కంప్లయింటు."

"చెప్పావా?" అని పెరట్లోంచి మా ఇంటావిడ కేక.

"చెబుతానే ఉన్నా! వాళ్ళు రాసుకోవట్లా!"