పైకెక్కే గీత

గనీ సాబ్‌కు ఒకటే పిచ్చి. కాగితం మీద గీత పైకి పోతోందంటే ఆయనకది శుభవార్తే. దేని గీత అని అడిగే అలవాటు లేదు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మనిషాయె, గీతలున్నది ధర చూపించడానికే అనుకునేవాడు. ఒకసారి వ్యవసాయాధికారి పత్తిలో పురుగు పెరిగిన గ్రాఫు తెచ్చి చూపిస్తే, సంతోషం పట్టలేక అందరికీ టీ తెప్పించాడు.

అలాంటి మహానుభావుడు పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టాడు. ఏటా ఆయనకే పత్తి అమ్మే దుర్గప్ప టైఫాయిడ్‌తో మంచాన పడ్డాడు. ఇంక బతకనని తీర్మానించుకుని గంజి ముట్టడం మానేశాడు. నర్సు మేరి బతిమాలి బతిమాలి విసిగిపోయింది.

గనీ సాబ్ మంచానికి తగిలించిన జ్వరం చార్టు చూశాడు. "ముబారక్ దుర్గప్పా. ఎట్ల ఎక్కతాండాదో సూడు. ఈ జోరు మా పత్తికి గూడ లేదప్పా."

మేరికి ఒళ్లు మండింది. దుర్గప్ప ముఖం మాత్రం వెలిగింది. "నిజమేనా సాబూ?"

"గీతలు సూసి సూసి తల నెరిసిపాయ, నాకు తెలీదా? గంజి తాగు."

తాగాడు. రోజూ సాబ్ రావడం, ముబారక్ చెప్పడం, దుర్గప్ప తాగడం.

చివరికి మందు పట్టి జ్వరం దిగింది, దాంతో గీతా దిగింది. అది చూసి దుర్గప్ప గిన్నె నెట్టేశాడు. "రేటు పడిపాయ సిస్టరమ్మా. నా పని అయిపాయ."

"జ్వరం దిగితేనే మంచిదన్నా."

"సాబుకంటే నీకు ఎక్కువ తెల్సునా?"

ఇన్నాళ్ల కష్టం మట్టిపాలైందని మేరికి ఏడుపొచ్చింది. సాబ్‌ను కడిగేద్దామని వరండాలోకి వెళ్లింది. ఆయన డాక్టరు చేయి పట్టుకుని ఉన్నాడు. "నూట నాలుగు నుంచి నూటొకటికి దిగినాది కదా సార్. మళ్లీ ఎక్కదు కదా?"

మేరి నిలబడిపోయింది. "మీకు తెలుసా సాబ్?"

"తెలీకేమమ్మా. నూట నాలుగని సెప్పింటే వాడు గంజి తాగేవాడా?"

"ఇప్పుడు దిగిందని పస్తుంటాండాడు. మీరే రాండి."

గనీ సాబ్ వార్డులోకి పోయి, చార్టు తీసి, తలకిందులు చేసి తగిలించాడు. "సిస్టరమ్మ తిరగేసి పెట్టిందిలేప్పా. ఇప్పుడు సూడు. పడి, మళ్లీ ఎట్ల లేచినాదో."

దుర్గప్ప కళ్లు చిట్లించాడు. "అంకెలు తలకిందులుండాయే సాబూ?"

"అంకెలతో నీకేం పని? గీత సూడు."

చూశాడు. గిన్నె అందుకున్నాడు.

మర్నాడు రౌండ్సుకొచ్చిన డాక్టరు చార్టు సరిచేయబోతే మేరి అడ్డుపడింది. "ఉండనీండి సార్. రెండో గిన్నె తాగతాండాడు."

డాక్టరు గడ్డం ఛాతీకి ఆనేదాకా తల వంచి, మెడ తిప్పి తిప్పి, అంతా చదివాడు. జ్వరం పూర్తిగా పోయింది.

"బాగా ఎక్కతాండాది దుర్గప్పా," అన్నాడు.