పన్నెండులో మిగిలినవి రెండు

మార్లిస్ ఎంగ్‌డాల్ ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. గోధుమచేలు తప్ప మరేమీ కనబడని గుట్టల మధ్య, మంచులోనూ బురదలోనూ, ఒక్కనాడూ బండిని రోడ్డు దిగనివ్వలేదు. అయినా హార్లో ఊళ్ళో ఆమె పేరెత్తితే ఎవరికీ బస్సు గుర్తురాదు, నోరు గుర్తొస్తుంది. పొద్దున పిల్లల్ని బడి దగ్గర దించేసి, ఎనిమిదిన్నరకల్లా ధాన్యం గిడ్డంగి పక్కనున్న కాఫీ హోటల్లో కిటికీ దగ్గరి బల్లకు చేరేది. ఆ బల్ల చుట్టూ మిగిలినవాళ్ళంతా మగవాళ్ళే. అక్కడ ఏళ్ళ తరబడి తేలని తగవు ఒక్కటే: కోలబంతితో ఆడే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్లో ఏ టీము గొప్పది, ఏ లీగు గొప్పది.

మార్లిస్‌ది పడమటి రాష్ట్రాల లీగు. మొత్తం పన్నెండు టీములు. వాటిలో ఒకటి ఊరికి పదిహేను మైళ్ళలో ఉన్న విశ్వవిద్యాలయానిది. ఆమె తండ్రి అక్కడి ఆట మైదానంలో గడ్డి కోసి, సున్నంతో గీతలు గీసేవాడు. అవతలి పక్షం వెర్న్ హాస్టెటర్. కోతయంత్రాలు బాగుచేసే పనిమీద నలభై ఏళ్ళ కిందట దేశం నడుమనున్న నెబ్రాస్కా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు గానీ, అభిమానం మాత్రం అక్కడి టీము దగ్గరే వదిలేసి వచ్చాడు.

"పడమట మీవాళ్ళు ఆట మొదలెట్టేసరికి తూర్పున రాత్రయి సగం దేశం దుప్పటి కప్పుకుంటుంది. చూసినవాడెవడు, గొప్పన్నవాడెవడు?" అనేవాడు వెర్న్.

"గుడ్డివాడు చూడలేదని పొద్దు పొడవలేదంటావా, ముసలోడా?" అనేది మార్లిస్. ఆ వెంటనే ఏ ఏడు, ఎవరిమీద, ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారో గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేది.

ఆమె భర్త గోర్డన్‌కు ఆటలు పట్టేవి కావు. ఆయన పోయిన నాలుగో రోజున వెర్న్ బంగాళాదుంపల వంటకం పట్టుకొచ్చి వంటింటి బల్లమీద పెట్టి, వచ్చిన దారినే పోకుండా, మీ కోచ్‌కు బంతి గుండ్రంగా ఉంటుందో కోలగా ఉంటుందో కూడా తెలియదని మొదలుపెట్టాడు. గంటసేపు పోట్లాడుకున్నారు. ఆ నాలుగు రోజుల్లో మార్లిస్ కడుపునిండా తిన్నది ఆ పూటే.

వేసవి సెలవుల్లో ఆమె గిడ్డంగి దగ్గర లారీలు తూకం వేసేది. ఒక ఏడు ఆగస్టులో ఒక శుక్రవారం గోధుమ కోతలు ముమ్మరంగా ఉన్నాయి. తూకానికి వచ్చిన ఒక డ్రైవరు కిటికీలోంచి తలపెట్టి, రేడియోలో విన్నావా అని అడిగాడు. పడమటి లీగునుంచి అంతకుముందే మూడు టీములు వెళ్ళిపోయాయి. ఆరోజు ఒక్కసారిగా ఐదు వెళ్ళిపోయాయి, టీవీ ప్రసారాల డబ్బు ఎక్కువొచ్చే వేరే లీగులకు. నెల తిరిగేసరికి మరో రెండు. పన్నెండులో మిగిలినవి రెండు. ఎవరూ పిలవని రెండు. అందులో ఒకటి మార్లిస్ వాళ్ళది.

వెళ్ళినవాటిలో నాలుగు చేరింది వెర్న్ వాళ్ళ లీగులోనే. ఇంక ఆ మనిషి ఊరుకుంటాడా? ఆ శుక్రవారం మర్నాడే మార్లిస్ మాటకు మాట సిద్ధం చేసుకుని మరీ హోటలుకు వెళ్ళింది. వెర్న్ పంచదార డబ్బా ఆమె వైపు జరిపి, పైనున్న పొలాల్లో తెగులు కనబడుతోందట అన్నాడు. మిగిలినవాళ్ళు తెగులు గురించే మాట్లాడారు. ఆ వారమంతా అంతే, ఆ పై వారమూ అంతే. బడులు తెరిచాక ఒకరోజు ఆమే కదిపింది: మీ లీగు గొప్పదైతే పక్కింటివాళ్ళని ఎత్తుకుపోవలసిన అవసరం ఏమొచ్చిందని.

"పోనీలే, మార్లిస్," అన్నాడు వెర్న్, మెల్లగా.

ఆ మెల్లదనం ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. మర్నాటినుంచి హోటలుకు వెళ్ళడం మానేసి, బడి వెనక ఖాళీ బస్సులోనే ఫ్లాస్కు కాఫీ తాగడం మొదలుపెట్టింది.

తొమ్మిదో రోజున వెర్న్ వచ్చి బస్సు తలుపు తట్టాడు. మోకాలు సహకరించక కమ్మీ పట్టుకుని ఎక్కి, పిల్లలు కూర్చునే ముందు వరస సీట్లో ఇరుక్కుని కూర్చున్నాడు.

"ఎందుకు రావట్లేదు?"

"చావింట్లో మనిషిని చూసినట్టు చూస్తున్నారు, అందుకు. గోర్డన్ పోయినప్పుడు కూడా నన్ను వదల్లేదే నువ్వు? ఇప్పుడేమొచ్చింది?"

"ఏటా థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు మా నెబ్రాస్కావాళ్ళ ఆట ఒకటి ఉండేది. మా నాన్నా నేనూ కలిసి చూసేవాళ్ళం. అది పోయింది. పన్నెండేళ్ళ కిందట మావాళ్ళు పాత లీగు కూడా వదిలేశారు. ఇప్పుడు మేమున్న లీగులో సగం ఊళ్ళు నేను మ్యాపులో చూపించలేను."

"మరి ఇన్నాళ్ళూ అరిచావు కదా, మాది గొప్ప, మాది గొప్పని?"

"నువ్వు నమ్మి అరిచేదానివి. నేను నీకు ఎదురు అరిచేవాణ్ణి. అంతే. నీదీ పోయాక, ఇంక ఏం అనాలో నాకు తోచలేదమ్మా."

మార్లిస్ ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చింది. ఆయన తాగాడు. ఆమె మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది గానీ, ఇద్దరూ పాత ఏళ్ళ ఆటల గురించే పోట్లాడుకునేవారు. కొత్తవాటి జోలికి ఎవరూ పోలేదు.

మరుసటి ఏడు శరదృతువులో ఒక శనివారం, చచ్చినా ఆ గడ్డమీద కాలుపెట్టనన్న వెర్న్ ఆమెతో మైదానానికి వచ్చాడు. గాలి చలిగా ఉంది. పై వరసలు ఖాళీ. సొంత లీగులో ఆడటానికి ఇంకొక్క టీమే మిగిలింది గనక, ఎదుటి టీము ఎక్కడో కొండ రాష్ట్రాల లీగునుంచి వచ్చింది. వాళ్ళ టోపీ పెట్టుకున్న ఒకాయన పక్కన కూర్చుని, మర్యాదగానే అడిగాడు, "ఇప్పుడు మీరు ఏ లీగులో ఉన్నారండీ?"

"పాతదాంట్లోనే. ఇద్దరమే ఉన్నాం," అంది మార్లిస్.

హాస్యమనుకుని ఆయన నవ్వాడు. వెర్న్ నవ్వలేదు. ఆట అయ్యేసరికి మార్లిస్ వాళ్ళు పది పాయింట్ల తేడాతో గెలిచారు. అందరితోపాటు ఆమె కూడా లేచి చప్పట్లు కొట్టింది. తిరుగుదారిలో వెర్న్, మంచి ఆటే అన్నాడు. ఆమె అవునంది. ఆ తరవాత ఊరొచ్చేవరకూ పదిహేను మైళ్ళూ తగవుపడటానికి ఏమీ మిగలక, కారులో హీటరు చప్పుడే వినబడింది.