కీచుమన్న బండి మీద నేను చెప్పిన సాక్ష్యం

ఇందులో ప్రతి మాటా నిజం. ఒట్లు పెట్టుకోవడం మా పాస్టరుగారికి గిట్టదు గనక, కుడి చెయ్యి గుండె మీద ఆనించి, కళ్ళు తెరిచి ఉంచి మరీ చెప్తున్నాను. ఇదివరకు నేను చెప్పినవాటిలో తేడాలుంటే ఉండొచ్చు. నాగాయలంకలో నా వాచీ పట్టుకుపోయిన పీత మర్నాడు సరిగ్గా అదే టైముకి తిరిగొచ్చిందన్నది అబద్ధం. పామర్రు సెంటర్లో మా ఐసు పెట్టెలోంచి దూకిన బొచ్చె చేప బందరు బస్సెక్కి సీటు కోసం గొడవపడిందన్నదీ అబద్ధమే. ఈ బండి సంగతి అలాంటిది కాదు.

నాది రొయ్యల వ్యాపారం. నాగాయలంక చెరువుల దగ్గర సరుకు ఎక్కించి, పులిగడ్డ వారధి దాటి, మొవ్వ మీదుగా వెళ్ళి గుడివాడలో దించాలి. దానికొక పికప్ బండి ఉంది. దాన్ని తొమ్మిదేళ్ళు నడిపినవాడు మా ఊరివాడే, మా చర్చి సంఘంలోవాడే. చుట్టరికం ఏమీ లేదు. నాకంటే రెండేళ్ళు పెద్ద. నేను బావా అనేవాణ్ణి, అతను బావగారూ అనేవాడు. చర్చిలోకి వెళ్తున్నట్టు చెప్పులు కింద విడిచి స్టీరింగు ముందుకి ఎక్కేవాడు. ఆ సీటు తప్ప వేరే కోరిక ఉన్నట్టు నేను ఎన్నడూ చూడలేదు.

పోయిన వేసవిలో బండికి కీచుమనే చప్పుడు మొదలైంది. ఎడమవైపు వెనక చక్రం దగ్గర, గతుకు పడ్డప్పుడల్లా. లోడు ఉంటే ఇంకా ఎక్కువ.

“ఎవరో పందిపిల్లని డీజిలు ట్యాంకులో దాచారు బావా,” అన్నాను.

“పంది కాదండీ, ఇనుము. ఎక్కడో ఎండిపోయింది.”

“ఎండాకాలం ఎండక ఏం చేస్తుంది?”

“నవ్వులాట కాదండి బావగారూ. ఒక్క పూట ఆపండి, విప్పించి చూద్దాం.”

సీజను మధ్యలో బండి ఆపడానికి నాకు మనసొప్పలేదు. గుడివాడలో సరుకు దించే వ్యవధిలోనే ఒక మెకానిక్ చేత చక్రం ఊడదీయించి, బ్రేకులకి గరుకు కాగితం రుద్దించాను. పామర్రు చేరేలోపు చప్పుడు మళ్ళీ మాతోపాటు ప్రయాణం చేస్తోంది. కాలిన ఇంజనాయిలు పోయించాను. రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు ఆ నూనెకి దుమ్ము పట్టి గొంతు పెరిగింది.

ఒకరోజు చల్లపల్లి దగ్గర గట్టి వాన పట్టుకుంది. పావుగంట తడిసేసరికి చప్పుడు ఆగిపోయింది. అతను బండి పక్కకి తీసి, చెవి పెట్టి విన్నాడు.

“చూశారాండీ. తడిస్తే ఊరుకుంటుంది, ఆరితే అరుస్తుంది. బ్రేకు కాదు. కమాన్ కట్ట దగ్గరే ఉంది.”

కమాన్ కట్ట అంటే వెనక ఇరుసు మీద బండి బరువు మోసే ఇనప పట్టీల దొంతర. దాని చివర పిన్నులు, పిన్నుల చుట్టూ రబ్బరు బుష్‌లు ఉంటాయి.

“ఇంకో మాట, ఏమీ అనుకోకండి,” అన్నాడు. “బండిని చెరువు నీళ్ళతో కడగడం మానేద్దామండీ.”

“మంచినీళ్ళకి రొయ్యల జిగట వదుల్తుందా బావా?”

ఇది మా దగ్గర అందరి నమ్మకమూను. చేపల వాసనా, రొయ్యల జిగటా ఉప్పునీటికైతేనే లొంగుతాయంటారు. మా రొయ్యల చెరువుల్లో ఉండేది ఉప్పునీళ్ళే. ప్రతి శనివారం సరుకు దించి వచ్చాక, చెరువు మోటారు గొట్టం పట్టుకుని, లుంగీ ఎగ్గట్టి, నేనే బండి కడిగేవాణ్ణి. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. అంత పెద్ద ధారతో ఇనుముని కొడుతుంటే నాకు మహా సరదాగా ఉండేది. ఆ సరదా వదులుకోమన్నాడని అతని మీద కొంచెం కోపం కూడా వచ్చింది.

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేచి, ఆ వారం దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకోవచ్చు. జ్వరం తగ్గింది, తప్పిపోయిన గేదె దొరికింది, ఇలాంటివి. సాక్ష్యానికి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. చెప్పడం అయిపోగానే అందరూ ఆమేన్ అంటారు. అంతటితో అది ఖాయం. నేను లేస్తున్నానంటే నిద్రపోయేవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళు.

ఆ ఆదివారం చెప్పడానికి నా దగ్గర మేలేదీ లేదు. బండి చప్పుడు ఎత్తుకున్నాను. నోటితో కీచుమనిపించి చూపించాను. గుడివాడ మెకానిక్ బ్రేకులకి బదులు తన వేళ్ళకి గరుకు కాగితం రుద్దుకున్నాడన్నాను. ఆడవాళ్ళు ముసుగుల్లో నవ్వుతున్నారు. అంత దూరం వచ్చాక కథకి ఒక తోక కావాలి కదా.

“ఎందుకు అరుస్తోంది ప్రభువా అని మోకరించి అడిగాను. గుడివాడ నుంచి ఖాళీగా రావలసిన బండిలో నాకు తెలియకుండా ఎవరివో ఇటుకలు ఎక్కుతున్నాయని జవాబొచ్చింది. మనిషి దాచినదాన్ని దేవుడు ఇనుము చేత పలికించాడు,” అన్నాను.

నవ్వు ఒక్కసారిగా లేచింది. లేచి, మగవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చున్న అతని మీదికి తిరిగింది. తరవాత అందరూ ఆమేన్ అన్నారు. పాస్టరుగారూ అన్నారు. అలవాటు కొద్దీ అతను కూడా అన్నాడు. అతని పెదవులు కదలడం నేను చూశాను.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నిలబడ్డాడు.

“ఇటుకలు నేనెప్పుడు ఎక్కించానండీ?”

“నవ్వుకోడానికి అన్నాను బావా. ఎవరు నమ్ముతారు?”

“ఆమేన్ అన్నారు కదండీ.”

“నువ్వూ అన్నావుగా.”

అతను జేబులోంచి బండి తాళం తీసి, చొక్కా అంచుతో తుడిచి, నా చేతిలో పెట్టాడు.

“వచ్చే ఆదివారం లేచి, అది అబద్ధమని అక్కడే చెప్పండి. సోమవారం బండి దగ్గరుంటాను. చెప్పకపోతే నాకు ఇంకెవరూ స్టీరింగు ఇవ్వరండి.”

ఆ వచ్చే ఆదివారం నాకు గొంతు బాగాలేదు. ఆపై ఆదివారం ప్రసంగం పెద్దది. ఈలోపు మొవ్వ సెంటర్లో టీ తాగేవాళ్ళు అతన్ని ఇటుకల బావ అనడం మొదలుపెట్టారు. చల్లపల్లి నుంచి ఒక లారీ ఆసామి ఫోన్ చేశాడు.

“మీ డ్రైవరు నా దగ్గర పనికొస్తానంటున్నాడండీ. మంచివాడేనా?”

“మనిషి మంచివాడేనండీ,” అని ఆగాను. ఆ ఆగడం ఆయనకి సరిపోయింది. బండికి నాలాంటి నాలుకే ఉంటే కీచుమనకుండా ఇలాగే పని కానిచ్చేది.

బండి నేనే నడుపుకోవలసి వచ్చింది. ఇటుకలు లేవు, ఇటుకల బావా లేడు. చప్పుడు మాత్రం ఉంది. పదిహేను రోజులు దాన్ని ఒంటరిగా విన్నాక బందరులో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పానా ముట్టుకోలేదు. ఒక ఇనప కడ్డీ తీసుకుని బండి కిందికి దూరి, ఒక కొస కమాన్ కట్టకి, రెండో కొస చెవికి ఆనించాడు.

“పైకెక్కి గంతులెయ్యండి,” అన్నాడు.

ఎక్కి వేశాను.

“ఇంకా గట్టిగా. పర్లేదు, వయసుకి మించే ఎగురుతున్నారు. ఆ, చాలు. దిగండి.”

స్క్రూడ్రైవరుతో పిన్ను దగ్గర గీకి, ఎర్రగా తెల్లగా ఉన్న పొడి ఇంత నా అరచేతిలో పోశాడు.

“నాలిక మీద వేసుకోండి.”

“ఎందుకండీ?”

“వేసుకోండి. ప్రసాదం కాదులెండి.”

ఉప్పు. నోరు ముడుచుకుపోయేంత ఉప్పు.

“ఏ నీళ్ళతో కడుగుతున్నారు?”

“చెరువు నీళ్ళతో.”

“ఉప్పుకి పిన్నులు తుప్పుపట్టి బుష్‌లని తినేశాయి. పట్టీల మధ్య తుప్పు పట్టింది. ఎవరండీ కడిగేది?”

“డ్రైవరు,” అన్నాను.

“వాణ్ణి మార్చండి ముందు.”

“మార్చేశానండీ.”

డ్రైవరన్న అబద్ధం పిలవకుండానే నోటికొచ్చింది. అక్కడ నవ్వేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

పిన్నులు సుత్తికి కదల్లేదు. మధ్యాహ్నం దాకా కిరసనాయిలు పోస్తూ నానబెట్టి ఊడగొట్టాడు. పట్టీలు విడదీసి, తీగ బ్రష్షుతో తుప్పు రాల్చి, గ్రీజు పూసి, కొత్త బుష్‌లు ఎక్కించాడు. మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టమన్నాడు. చూసుకోడానికి మంగినపూడి రోడ్డెక్కాను. గతుకు కనపడ్డ చోటల్లా కావాలని దింపాను. చప్పుడు లేదు. అతను వానలో చెవి పెట్టి చెప్పింది, నేను ఊరంతటినీ నవ్వించి, ఒక మనిషిని పోగొట్టుకుని, మంగినపూడి దాకా వచ్చి తెలుసుకున్నాను.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. ఉప్పు సంగతి చెప్పాను. బండి కడిగింది నేనేనని చెప్పాను. ఇటుకలు నా నోట్లో తప్ప ఎక్కడా లేవని, చల్లపల్లి ఆసామి దగ్గర ఆగడం కూడా నా పాపమేనని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వెనక వరసలోంచి అతను లేచి వచ్చాడు.

“ఇన్ని నిజాలు ఒకేసారి మీ ఒంటికి పడవు బావగారూ, కూర్చోండి,” అన్నాడు.

అప్పుడు నవ్వారు. ఆమేన్ అన్నారు.

ఇదిగో, కల్పించింది ఇదే. ఈ చివరి ముక్క. తక్కినదంతా జరిగింది.

లేచిన మాట నిజం. నేను లేవగానే అందరి మొహాల మీదా ముందే నవ్వు సిద్ధంగా ఉంది. ఆ నవ్వుని చూసి, బందరు మెకానిక్ దగ్గర గ్రీజు అయిపోతే ప్రార్థన చెయ్యగానే డబ్బా నిండిందని చెప్పాను. దానికీ ఆమేన్ అన్నారు. అతను అక్కడ లేడు. అప్పటికే వాళ్ళ కుటుంబం అవనిగడ్డలో వేరే సంఘానికి వెళ్తోంది. ఇప్పుడు నాగాయలంక పక్క ఎవరి చెరువు మీదో, మేత బకెట్టు పట్టుకుని గట్టు వెంబడి నడుస్తుంటాడు. నా బండి వెళ్తుంటే తల ఎత్తడు. ఇటుకల సంగతి అబద్ధమని ఆమేన్ అన్న ఒక్కరి ముందూ నేను ఈ రోజుకీ అనలేదు. ఇక్కడ రాశాను గాని, ఇక్కడ కూడా అతని పేరు రాయలేదు.