వాసన పోయిన రోజు

మల్లికార్జున్ దుకాణంలో కొన్న విత్తనం మొలవకుండా ఉండదని వర్ధన్నపేట దాకా పేరు. మిర్చి అయినా పత్తి అయినా రైతులు ప్యాకెట్టు మీద బొమ్మ చూడరు, ఇచ్చే చెయ్యి చూస్తారు. ఆ పేరే మనిషిని పాడు చేసింది.

కాలేజీ రోజుల్లో హాస్టల్ మేడ మీద అంటుకున్న గంజాయి అలవాటు అతన్ని పూర్తిగా వదల్లేదు. ఎప్పుడో ఓసారి, దుకాణం పనులు మరీ నెత్తిన పడ్డప్పుడు, గుట్టుచప్పుడు కాకుండా తాగేవాడు. ఈమధ్య కొనడానికి భయం పట్టుకుంది. అమ్మేవాడు పట్టుబడితే ఎవరి పేరు చెబుతాడో ఎవరికి తెలుసు? ఊరందరికీ విత్తనాలు అమ్మేవాణ్ని, నాలుగు మొక్కలు నేను పెంచుకోలేనా అనుకున్నాడు. తప్పుడు పనిలో దిగేటప్పుడు కూడా మనిషికి వృత్తి మీద గర్వం పోదు మరి.

మడికొండలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు అతనిది. బాత్‌రూమ్ పక్కనున్న స్టోర్ రూమ్ ఖాళీ చేశాడు. లైట్లు బిగించాడు, చిన్న ఫ్యాన్ పెట్టాడు, కుండీలు తెప్పించాడు. "కంపెనీవాళ్ళు కొత్త రకం ఇచ్చిండ్రు, ట్రయల్ చెయ్యాలె. తలుపు తీస్తే మొక్కలు ఖరాబైతయి" అని భార్య సుభాషిణికి చెప్పాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆమె వంటింటి మూల తడిగుడ్డల్లో మొలకలు చూస్తూనే ఉంది. అనుమానించడానికి ఆమెకు కారణమే లేదు. పాపం, పిల్లల్ని కూడా అటు పోనిచ్చేది కాదు.

ఆ కుండీలూ మట్టి సంచులూ పైకి మోసింది వాచ్‌మన్ రాజమల్లు. ఒకప్పుడు కౌలుకు మిర్చి వేసేవాడు. బోరు ఎండిపోయి వ్యవసాయం మానేస్తే, దుకాణం పరిచయం కొద్దీ మల్లికార్జునే ఈ పని ఇప్పించాడు. కింద పార్కింగ్ పక్కనున్న ఒంటిగదిలో భార్య సమ్మమ్మతో ఉంటాడు. ఆమె నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది. "మా సేటు ఇప్పిచ్చిన పని" అని ఇద్దరూ కనిపించినవాళ్ళకల్లా చెప్పుకునేవాళ్ళు.

మొక్కలు బ్రహ్మాండంగా పెరిగాయి. ఆ చెయ్యి అలాంటిది. పూతకొచ్చాక మాత్రం వాసన మొదలైంది. మల్లికార్జున్ పొద్దునా సాయంత్రం సాంబ్రాణి వేయడం మొదలుపెట్టాడు. ఎదురింటి వెంకట్రాజం సార్, రిటైరైన హెడ్మాస్టరు, అపార్ట్‌మెంట్ సంఘానికి పెద్ద. ఆయన లిఫ్ట్‌లో కనిపించి, "ఈ రోజుల్ల గింత భక్తి ఎవరికున్నది తమ్మీ" అని భుజం తట్టాడు. మల్లికార్జున్ తల దించుకున్నాడు. ఆయన దాన్ని వినయమనుకున్నాడు.

కానీ స్టోర్ రూమ్‌లో పెట్టిన ఫ్యాన్ గాలినంతా కిటికీలోంచి పైపుల సందులోకి తోస్తోంది. ఆ సందు మూడంతస్తులూ దిగి రాజమల్లు గది వెనక తేలుతుంది. పైన సాంబ్రాణి, కింద గంజాయి. రాజమల్లుకు బీడీలు తాగే అలవాటుంది. ఇంకేం కావాలి?

ఆదివారం పార్కింగ్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి మీటింగ్ పెట్టారు. "పిల్లలు తిరిగే జాగ. ఈ రాజమల్లు గంజాయి తాగుతాండు. నేనైతే పోలీసులకు ఫోన్ చేస్తా" అన్నాడు సెక్రటరీ శేఖర్. పోలీసులన్న మాట వినగానే మల్లికార్జున్‌కు తన స్టోర్ రూమ్ గుర్తొచ్చింది. వాళ్ళొస్తే ఒక్క గది చూసి పోతారా? ఆ పైపుల సందు పట్టుకుని పైకి చూడరా? లేచి నిలబడ్డాడు.

"పోలీసులెందుకన్నా? గరీబోడు, కేసయితే బతుకు ఆగమైతది. నేను తెచ్చిన మనిషి, నేనే సప్పుడు లేకుండ పంపిస్త" అన్నాడు.

అందరూ మెచ్చుకున్నారు. మంచి మనసన్నారు. నిర్దోషిని పంపించేయమని ఎవరూ అడగకముందే తానే మాటిచ్చి, పైగా దయగలవాడనిపించుకున్నాడు.

రాజమల్లు గది గుమ్మంలో నిలబడి చెప్పాడు. రాజమల్లు ముందు నవ్వాడు, పరాచికమనుకుని. తర్వాత మొహం మాడిపోయింది.

"సమ్మక్క తల్లి మీద ఒట్టు సేటు, నాకు బీడీ తప్ప తెల్వదు. ఆ వాసన యాడికెల్లి వస్తాందో నాకే సమజైతలేదు. వాళ్ళెవరన్నా అననీ, నువ్వు నమ్ముతవా?"

"నమ్మకేం" అన్నాడు మల్లికార్జున్, నేల చూస్తూ. "కానీ అందరూ అంటాండ్రు కదా. నేనేం చేస్త?"

సమ్మమ్మ లోపల నిలబడి వింటోంది.

పైకొచ్చిన మల్లికార్జున్ అన్నానికి కూర్చున్నాడు. కంచం ముందునుంచి లేచి స్టోర్ రూమ్‌లోకి వెళ్ళాడు. పచ్చగా, బలంగా, పూలు బరువెక్కి నిలబడ్డ మొక్కలు. జీవితంలో అంత అందంగా ఏ పంటా పెంచలేదు. వాటిని చూస్తే తనమీద తనకే అసహ్యమేసింది. ఒక్కోటి వేళ్ళతో సహా పీకాడు, విత్తనాల గోనెసంచిలో కుక్కాడు, బండి మీద పట్టుకెళ్ళి ఊరవతల పాడుబడ్డ బావిలో పారేశాడు. తిరిగొస్తుంటే మనసు కాస్త తేలికపడింది. రేపు వాసన ఉండదు కదా, డ్రైనేజీలో ఏదో కుళ్ళిందని అందరికీ సర్దిచెప్పి రాజమల్లును ఉంచేద్దాం అనుకున్నాడు. నిజం చెప్పాల్సిన పనిలేకుండా మంచివాడు కావడానికి దారి దొరికిందన్న సంతోషం.

పొద్దున కిందికి దిగితే గదికి తాళం ఉంది. మొగుడూ పెళ్ళాం తొలి బస్సుకే వెళ్ళిపోయారు. మాటపడ్డ చోట రాజమల్లు ఒక్క పూట కూడా ఉండలేకపోయాడు.

వాసన నిజంగానే పోయింది. "చూసినవా తమ్మీ, వాడు పోయిండు, వాసన పోయింది. ఇంక సాక్ష్యమెందుకు?" అన్నాడు వెంకట్రాజం సార్. మల్లికార్జున్ నోరు తెరిచాడు. డ్రైనేజీ సంగతి ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? నమ్మే మాట ఒక్కటే మిగిలింది. అది చెప్పకుండానే తలూపి పైకి వెళ్ళిపోయాడు. అంతవరకూ అనుమానంగా ఉన్న నేరాన్ని తన చేతులతో రుజువు చేసి పెట్టాడు. ఆ పూట సాంబ్రాణి వేయబోయి, ఎవరికోసమో అర్థంకాక గిన్నె పక్కన పెట్టేశాడు.

వారం తిరిగాక గది తాళంచెవి ఇవ్వడానికి సమ్మమ్మ ఒక్కతే వచ్చింది. పార్కింగ్‌లో వెంకట్రాజం సార్, మల్లికార్జున్ నిలబడి ఉన్నారు.

"నువ్వు పోయిన కాన్నుంచి వాసనే లేదు సమ్మమ్మా" అన్నాడాయన, ఉన్న సంగతి చెప్పినట్టు.

ఆమె గది వెనక గోడ దగ్గరికి వెళ్ళి గాలి పీల్చి చూసింది. మళ్ళీ పీల్చింది. ఆమె మొహం నల్లబడిపోయింది.

"అందరన్నా నేను నమ్మలే సేటు. ఊర్లె మా అన్నదమ్ములతోటి కొట్లాడిన, మా ఆయన గట్లాంటోడు కాదని" అంది. "సమ్మక్క తల్లి మీద ఒట్టేసి నాతోటి అబద్ధమాడిండా? ఇగ వాని మొహం ఎట్ల సూడాలె నేను?"

చెప్పెయ్, ఇప్పుడన్నా చెప్పెయ్ అని మల్లికార్జున్ లోపల ఎవరో అరుస్తున్నారు. పక్కన వెంకట్రాజం సార్ ఉన్నాడు. పైన బాల్కనీలో సుభాషిణి బట్టలు ఆరేస్తోంది.

సమ్మమ్మ తాళంచెవి మల్లికార్జున్ చేతిలో పెట్టి, వంగి, అతని కాళ్ళు పట్టుకుంది.

"నమ్మి పనిప్పిస్తే నీ ఇజ్జత్ తీసినం సేటు. మాఫ్ చెయ్యి."

అతను ఆమెను లేవనెత్తాడు. ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూశాడు, చూపు తిప్పుకున్నాడు.

"మనసుల పెట్టుకోకు సమ్మమ్మా. మాఫ్ చేసిన" అన్నాడు.